ముగ్గు మీద టైరు అచ్చు

"అయితే ముగ్గెక్కడ వెయ్యమంటారు, నెత్తి మీదా?" అంది అప్పలనరసమ్మ. ఒక చేతిలో పిండి గిన్నె, రెండో చెయ్యి నడుం మీద.

"కారు బయటికి తీసేక వేసుకో" అన్నాడు ఆమె మొగుడు మల్లేశ్వరరావు.

"మీరు తీసీసరికి ఎనిమిదవుతాది. ఎనిమిదింటికి ముగ్గేసే ఇల్లుందేటి ఈ కాలనీలో? ఎదురింటి మరాఠీ ఆవిడ రంగోలీ వేసీసి టీ కూడా తాగీసింది."

"అయితే వేసీ. నేను దాని మీద నుంచే తీస్తాను. పిండే కదా, బంగారం కాదు కదా."

"పిండే కదా అంటారేటండీ! కోడలు ఇన్నాళ్లు నడిపింది, ఒక్కపాలి తొక్కిందేటి? తెల్లారకుండానే బండి వీధిలో పెట్టీసి, 'అత్తయ్యా, ఇంక వేసుకోండి' అనీది. మీకు మాత్రం..."

మాట సగంలో ఆపేసింది. కోడలి డ్రైవింగు ఊసు ఎత్తకూడదని రెండు వారాలుగా ఇంట్లో ఎవరికి వాళ్లు పెట్టుకున్న నియమం. వంటింట్లో కోడలు ప్రమీల గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

మల్లేశ్వరరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

బొబ్బిలి దగ్గర పల్లె నుంచి రాయపూర్ వచ్చి ఉర్లాలో ఒక కార్ఖానాలో బాయిలర్ దగ్గర బొగ్గు తోసే పనిలో చేరినవాడు, ఇప్పుడదే బాయిలర్‌కి ఫోర్‌మన్. ఒత్తిడి చూపించే గేజీ ముల్లుని చూస్తూ జుట్టు నెరిసింది. ఇంట్లో కుక్కర్ కూడా ఆయన ఉండగా ఎవరూ ముట్టుకోరు. "విజిల్ ముందు ఎలా మూలుగుతుందో వినండి, అప్పుడే దించాలి" అంటాడు. కొడుకు జోగారావు కరెంటు ఆఫీసులో గుమాస్తా. కోడలు ప్రమీల భిలాయి పిల్ల. తండ్రి రామమూర్తిది స్టీల్ ప్లాంటులో పని. ఆమెకి హిందీ, తెలుగు రెండూ సమానంగా వచ్చని, ఆరంగ్ రోడ్డులో మందిర్ హసౌద్ దాటాక కొత్తగా పెట్టిన బడిలో టీచరుగా తీసుకున్నారు. బస్సులో అయితే మేకలతో, కూరగాయల బుట్టలతో నిలబడి వెళ్లాలి. అందుకే ఇంట్లో ఉన్న పాత మారుతి నడపడం నేర్చుకుంది. తోటి టీచర్లు ఇద్దర్ని ఎక్కించుకుని వెళ్లి వచ్చేది. ఆమె స్టీరింగ్ పట్టుకున్న మొదటి రోజు కాలనీలో అందరికంటే గర్వపడ్డవాడు మల్లేశ్వరరావే.

ఆ గర్వంతోనే పెద్ద చక్రాలు వేయించాడు. వానాకాలం వచ్చేసరికి ఆరంగ్ రోడ్డు గుంటలు పడి, కారు కడుపు రాళ్లకి రాసుకుంటోందని ప్రమీల చెప్పింది. పాతవి తీయించి, ఒక అంగుళం పెద్దవీ కాస్త వెడల్పువీ పెట్టించాడు. కారు కొంచెం పైకి లేచి, ఛాతీ విరుచుకున్న కుర్రాడిలా కనబడింది. వీధిలో ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి మెచ్చుకున్నారు.

పెట్రోలు బంకులో గాలి కొట్టేవాడు ఎంత కొట్టమంటారని అడిగాడు: "కిత్నా డాలూఁ, బాబూజీ?"

మల్లేశ్వరరావు వంగి టైరు పక్కన అచ్చుపోసి ఉన్న అక్షరాలు చూశాడు. "చౌవాలీస్" అన్నాడు, నలభై నాలుగు.

"ఇత్నా?"

"టైర్ పే లిఖా హై, భాయ్. పఢ్ లో" అంటూ టైరు మీద రాసిన అంకె చూపించాడు.

డ్రైవరు తలుపు అంచున అంటించిన కాగితంలో ఇరవై ఆరని ఉంది. అది ఆయనకి తెలుసు. కానీ అది చిన్న చక్రాలప్పటి లెక్క అనుకున్నాడు. చక్రం పెద్దదయితే గాలీ పెద్దదే కావాలి. పైగా వస్తువు మీద చెక్కిన అంకె అబద్ధం చెప్పదు. బాయిలర్ మనిషి నమ్మకం అది.

ఆ తరవాత పది రోజులకే ప్రమాదం జరిగింది. బడిలో ఏదో ఉత్సవం ఉంటే ప్రమీల కూతురు శేషుని కూడా తీసుకెళ్లింది. తిరిగొస్తుంటే వాన. సైకిలు మీద ఒకాయన చూసుకోకుండా అడ్డం తిరిగాడు. ప్రమీల బ్రేకు నొక్కింది. కారు ఆగలేదు, సబ్బు మీద కాలు పెట్టినట్టు పక్కకి జారి, రోడ్డు దిగి వరిమడిలోకి వెళ్లి కూర్చుంది. సైకిలాయనకి ఏమీ కాలేదు. శేషు నుదురు డాష్‌బోర్డుకి కొట్టుకుని కనుబొమ్మ పైన కుట్లు పడ్డాయి. ఊరివాళ్లే కారుని ఎత్తి రోడ్డు మీద పెట్టారు.

సంగతి తెలిసి రామమూర్తి మనవరాల్ని చూడ్డానికి భిలాయి నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఆయన ముందే మల్లేశ్వరరావు కోడలితో అన్నాడు, "కారు నడపడమంటే కుక్కర్‌కి మూత పెట్టడం కాదమ్మా. బ్రేకు ఎప్పుడు, ఎంత నొక్కాలో కాలికే తెలియాలి. నీ కాలికి ఆ తెలివి లేదు." అంతటితో ఊరుకోక వియ్యంకుడి వైపు తిరిగి, "చదువైతే చెప్పించారు గానీ బావగారూ, నిదానం నేర్పలేదు" అన్నాడు.

రామమూర్తి పొడుగాటి మనిషి. ఆ మాటకి కుర్చీలో పొట్టిగా అయిపోయాడు. "తప్పే బావగారూ. మీరు పెద్దమనసు చేసుకోవాలి" అని చేతులు జోడించాడు. అప్పలనరసమ్మ తెచ్చిన టీ ముట్టకుండానే లేచి వెళ్లిపోయాడు.

ప్రమీల ఒక్క మాట ఎదురు చెప్పలేదు. బడి మానేస్తానని తనే అంది. సోమవారం రాజీనామా ఇచ్చేస్తానంది. కూర్చుని మాట్లాడుకున్నది లేదు గానీ అందరూ ఒప్పుకున్నట్టే అయింది.

ఆ సోమవారం రేపే.

*

ముగ్గు పంతం చివరికి అప్పలనరసమ్మే నెగ్గింది. కళ్లాపి చల్లి, గేటు ముందు వెడల్పుగా ముగ్గు పెట్టి, మొగుడి వైపు ఒక చూపు విసిరి లోపలికి పోయింది. జోగారావు, ప్రమీల శేషుని తీసుకుని గౌను గుడ్డ కొనడానికి స్కూటరు మీద పండరీ బట్టల బజారుకి బయల్దేరారు. వాళ్లు వెళ్లాక మల్లేశ్వరరావు కారు తీశాడు. పంతం ఇంకా చల్లారక, ఒక్క అడుగు పక్కకి కూడా తిప్పకుండా ముగ్గు నడిమధ్య నుంచే పోనిచ్చాడు.

వీధిలో ఆపి దిగాడు. గేటు మూసి వద్దామని వెనక్కి తిరిగితే టైరు కనబడింది.

నల్లటి టైరు మీద తెల్లటి పిండి. కానీ టైరు వెడల్పంతా కాదు. నడుమ ఒక సన్నని చార, పంచె అంచంత. రెండు పక్కలా నల్లగానే ఉంది. కింద చూశాడు. తడి నేల మీద ముగ్గు చెరిగిందీ అంత సన్నగానే. చక్రం వెడల్పు బెత్తెడున్నర ఉంటే, చెరిగింది రెండు వేళ్ల మేర.

మరొకరైతే ఏమీ అనుకోకపోదురు. మల్లేశ్వరరావు వంగి ఆ చారని వేళ్లతో కొలిచాడు.

బాయిలర్ మూత సరిగ్గా కూర్చుందో లేదో చూడ్డానికి వాళ్లు చేసే పని ఇదే. అంచుకి సుద్ద పూసి, మూత బిగించి, విప్పి చూస్తారు. సుద్ద అంటిన చోట మూత తాకినట్టు. అంటని చోట నుంచి రేపు ఆవిరి కారుతుంది. ఎన్నిసార్లు కొత్తవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆ సుద్ద మరకలు చదవడం నేర్పాడో. ఇప్పుడు తన వాకిట్లో, తన భార్య చేతి పిండితో, తన కారు టైరు మీద అదే మరక. ఈ చక్రం నేలని తాకుతున్నది నడుమ మాత్రమే. గాలి ఎక్కువై ఉబ్బి, పక్కలు లేచిపోయాయి. ఇంత వెడల్పు టైరు పెట్టించి, సైకిలు చక్రమంత మేర మాత్రమే రోడ్డుకి ఆనిస్తున్నాడు. వానలో అది జారక ఏమవుతుంది?

మోకాళ్ల మీద కూర్చుని టైరు పక్కన ఉన్న అక్షరాలు వేలితో తుడిచి, ఈసారి మొత్తం చదివాడు. నలభై నాలుగుకి ముందు ఒక మాట ఉంది. గరిష్ఠం.

ఆ రోజు కూడా ఉంది. ఆ రోజు కూడా కళ్లజోడు పెట్టుకునే చదివాడు. కానీ అంకె దగ్గరే ఆగిపోయాడు.

బాయిలర్‌కి బిగించిన రేకు మీద చెక్కిన అంకె చూపించి కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజే చెప్పే మాట ఆయన చెవిలోనే వినబడింది. 'ఒరేయ్, ఇది మనం చేరాల్సిన అంకె కాదు, దాటకూడని అంకె. పని ఎప్పుడూ దీనికి బాగా కిందే.' బతుకంతా అన్నం పెట్టిన మాట. దాన్ని కారు దగ్గర మరిచిపోయాడు.

అంతకంటే పాడు సంగతి ఇంకొకటి జ్ఞాపకం వచ్చింది. కోడలికి ప్రమాదం జరగడానికి ముందు ఒక చిరుజల్లులో ఉర్లా మలుపు దగ్గర కారు తన చేతిలోనే జారింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. రోడ్డు మీద నూనె పడి ఉంటుందని తనకి తనే చెప్పుకున్నాడు. ఇంటికొచ్చి ఎవరితోనూ అనలేదు. తన చేతిలో జారితే నూనె. కోడలి చేతిలో జారితే కాలికి తెలివి లేదు.

వీధిలో పాలవాడు "రామ్ రామ్ బాబూజీ" అన్నాడు. మల్లేశ్వరరావు తల ఎత్తలేకపోయాడు.

*

"ఏటండీ ఇది! వేసిన ముగ్గు తొక్కింది చాలక, డబ్బాలో పిండి కూడా పారబోస్తన్నారా?"

అప్పలనరసమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన కారుని వెనక్కి లాగి, గేటు లోపల గచ్చు మీద నీళ్లు చల్లి, చక్రాల ముందు పిండి పట్టీలుగా పోస్తున్నాడు. పక్కనే ఆయన సొంత గేజీ. గాలి కొంచెం తీశాడు, కారుని తోశాడు, వంగి చూశాడు. చార కాస్త వెడల్పయింది.

"నువ్వు ఎక్కు" అన్నాడు.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. కూర్చో. బరువు కావాలి."

"బరువా! నన్ను చూస్తే బియ్యం బస్తాలా కనబడుతున్నానేటి?"

"నరసమ్మా, దండం పెడతాను, కూర్చోవే."

ఆ గొంతు విని ఆమె ముందు సీట్లో కూర్చుంది. ఆయన తోశాడు. మళ్లీ వంగాడు. మళ్లీ వాల్వు నొక్కాడు. బుస్సుమని గాలి పోతుంటే ఎదురింటి మరాఠీ ఆవిడ మేడ మీద బట్టలు ఆరేస్తూ వింతగా చూసింది. అప్పలనరసమ్మ ఆమెకి నవ్వుతూ చెయ్యి ఊపి, కింది గొంతుతో, "ఊరంతా చూస్తంది. ఏటైపోయిందండీ మీకు?" అంది.

తలుపు అంచు కాగితంలో రాసిన అంకెకి కాస్త పైన, అంచు నుంచి అంచు దాకా పిండి అంటింది. పెద్ద చక్రమైనా కారు అదే, కారు బరువూ అదే. గాలి ఎత్తాల్సింది ఆ బరువునే గానీ ఆయన గొప్పని కాదు. ఇంత చిన్న విషయం చూసుకోకుండానే ఒక పిల్ల ఉద్యోగాన్నీ, ఒక తండ్రి మర్యాదనీ రోడ్డు మీద పడేశాడు.

చెప్పాడు. గేటు చువ్వ పట్టుకుని, నేల చూస్తూ, ఉన్నదున్నట్టు భార్యకి చెప్పాడు. ఉర్లా మలుపు సంగతి మాత్రం నోట్లోంచి రాలేదు.

అప్పలనరసమ్మ కారులోంచి దిగి చీర దులుపుకుంది.

"అయితే కోడలు గుంటది బాగానే నడిపిందన్నమాట" అంది చివరికి. "నేనూ అన్నాను కదండీ దాన్ని. పిల్ల మొహం మీద మచ్చ పెట్టీసేవని అన్నాను."

"ఊఁ."

"సరే. అయిపోయింది. గాలి తీసీసేరు. ఇంక ఈ మాట ఇక్కడితో ఆపీండి. రేపు మీరే పిలిచి 'పోనీలే అమ్మా, ఇంకోసారి నడిపి చూడు' అనండి. సంతోషంగా పోతాది. అంతేగానీ కోడలి ముందర తల దించుకుంటారేటి? కొడుకేటనుకుంటాడు? ఆ వియ్యంకుడికి తెలిస్తే?"

అది మంచి ఉపాయం. ఎవరికీ నష్టం లేదు. ఉద్యోగం నిలబడుతుంది, కారు జారదు, పైగా మావగారు పెద్దమనసు చేసుకున్నారని పేరు. మల్లేశ్వరరావు తల ఊపాడు. చీపురు తీసుకుని పిండి ఊడ్చి, నీళ్లు పోసి కడిగేశాడు. గచ్చు మీద తెల్లదనం పోయింది. చేతుల మీద మాత్రం ఎంత కడిగినా గోళ్ల సందుల్లో పిండి ఉండిపోయింది.

*

మధ్యాహ్నం భోజనాలకి అందరూ కూర్చున్నారు. గుమ్మడికాయ పులుసు, వడియాలు. శేషు కొత్త గుడ్డ ఒళ్లో పెట్టుకుని అన్నం తినకుండా దాన్నే నిమురుతోంది. "తాతా, యే గులాబీ వాలా నాది" అని చూపించింది. తల ఎత్తినప్పుడల్లా కనుబొమ్మ మీద కుట్ల గుర్తు కనబడుతోంది. మల్లేశ్వరరావు కంచంలోకి చూసుకున్నాడు.

ప్రమీల వడ్డిస్తూ అడిగింది. "మావయ్యా, రేపిచ్చే కాగితంలో కారణం ఏమని రాయమంటారు?"

"ఏదో ఒకటి రాసీ" అన్నాడు జోగారావు. "ఇంటి పరిస్థితులని రాయి. ఎవరడుగుతారు?"

"అదే రాస్తాను. నిజం రాస్తే పిల్లలు నవ్వుతారు. మేడమ్‌కి బ్రేక్ లగానా నహీఁ ఆతా, బ్రేకు వెయ్యడమే రాదని." ప్రమీల నవ్వింది. నవ్వు మధ్యలోనే తేలిపోయింది. "మంచం మీద కూర్చుని కాలితో నొక్కి చూసుకుంటున్నాను మావయ్యా. ఇలా నొక్కానా, ఇంకా గట్టిగా నొక్కానా అని. ఎక్కడ తప్పు చేశానో దొరకట్లేదు. మీరన్నది నిజమే. నా కాలికి తెలివి లేదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని ఆయనకి అనిపించింది. ఎత్తిపొడుపైతే కోప్పడొచ్చు. ఆ పిల్ల నమ్మేసింది. తను విసిరిన మాటని తీసుకెళ్లి మంచం మీద కూర్చుని, కాలు కదుపుతూ, అది నిజమని తేల్చుకుంది.

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"పులుసు చల్లారిపోతంది, తినండి" అంది అప్పలనరసమ్మ గబగబా.

"నీ కాలు బాగానే ఉందమ్మా" అన్నాడు మల్లేశ్వరరావు. "టైర్లలో గాలి నేను ఎక్కువ కొట్టించాను."

జోగారావు తల ఎత్తాడు. "ఏటి నాన్నా?"

"పెద్ద చక్రాలు కదా అని, దాని మీద రాసిన అంకె చూసి కొట్టించీసేను. అది కొట్టకూడని అంకె. ఆ గాలితో వానలో ఎవరు బ్రేకు నొక్కినా జారుతుంది. పొద్దున్న ముగ్గు మీద అచ్చు చూశాను. నడుమ ఒక్కటే తాకుతోంది."

ప్రమీల గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"పొద్దున్నే తెలిసిందా మీకు?" అంది.

"పొద్దున్నే తెలిసింది."

ఆమె గోడ గడియారం వైపు చూడలేదు గానీ ఆయన చూశాడు. పొద్దుటి నుంచి ఇప్పటి దాకా ఎంతసేపు దాచాడో అది అందరి ముందూ టిక్కు టిక్కుమంటోంది. సగం చెప్పి ఊరుకుంటే ఈ సిగ్గు రేపటికీ మిగులుతుంది.

"ఇంకొకటుంది. నీకంటే ముందు నా చేతిలోనే జారింది. ఉర్లా మలుపులో. మీ ఎవరికీ చెప్పలేదు. చెప్పుంటే..." ఆయన చూపు శేషు నుదుటి మీదికి వెళ్లి ఆగిపోయింది.

అప్పలనరసమ్మ ఆశ్చర్యంగా మొగుడి వైపు చూసింది. ఆ సంగతి ఆమెకీ కొత్తే.

'ఫరవాలేదు మావయ్యా' అంటుందేమోనని ఆయన ఎదురుచూశాడు. ప్రమీల అనలేదు. గరిటె గిన్నెలో పెట్టి, గోడకి ఆనుకుని, కుడికాలు ముందుకి చాపి, ఆ పాదం వైపే చూస్తూ నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వంటింట్లోకి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. వచ్చి మజ్జిగ వడ్డించింది. ఆయన కంచం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరవాత ఆయనకీ పోసింది.

"ఆ కాగితం రాయొద్దమ్మా" అన్నాడు. "రేపు బడికి వెళ్లు. బండి నువ్వే తీసుకెళ్లు. పొద్దున్న గాలి సరి చేశాను. నమ్మకం లేకపోతే జోగారావుని చూడమను. నా మాట మీద వెళ్లొద్దు."

"నేను చూస్తాను" అంది ప్రమీల. "ఎలా చూడాలో నాకే చూపించండి."

"చూపిస్తాను."

శేషు పులుసులో గుమ్మడి ముక్క తీసి పక్కన పెట్టింది. ఆదివారం మధ్యాహ్నం వీధిలో ఐసు బండివాడి గంట వినబడి దూరమైంది.

మల్లేశ్వరరావు చెయ్యి కడుక్కోవడానికి లేచి, గుమ్మం దగ్గర ఆగి, ఇటు తిరిగాడు. అందరూ వినాలని చెప్పినా, గొంతు మాత్రం పక్కింటికి కాదు, పక్క గదికి కూడా వినబడనంత చిన్నగా ఉంది.

"వచ్చే ఆదివారం మనమందరం భిలాయి వెళ్తున్నాం. రామమూర్తి బావగారితో నేను మాట్లాడాలి. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరూ ఉండగానే చెప్పాలి. బండి ప్రమీల నడుపుతుంది. నేను వెనక సీట్లో కూర్చుంటాను."